సాక్ష్యానికొచ్చిన ఆల్చిప్పలు

ఎవరేం అడిగినా బంగారయ్య మేష్టారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "ఉండు, చూద్దాం" అనేవారు.

లోవరత్నం ఆ జాలరిపాలెం పిల్లే. ఆయన దగ్గర సముద్రజీవుల శాస్త్రం చదువుకుంది. పక్కనున్న మందుల కంపెనీ మురుగు వదలడానికి సముద్రంలోకి రెండో గొట్టం వేస్తానంటున్న రోజులవి. మొదటిది పెట్టినప్పట్నించే వలలు ఖాళీగా వస్తున్నాయి. రెండోది పడితే పాలెం లేచిపోవడమే. నీళ్ళు పరీక్షించిన ప్రతిసారీ కాగితం మాత్రం 'శుభ్రం' అనేది. ఎందుకనదు? ఫలానా రోజు వస్తామని ముందే కబురు పెడితే, ఆ పూటకి గొట్టం కట్టెయ్యడం ఎంతసేపు!

"చేపలు పారిపోయాయి, కొంగలు పారిపోయాయి. ఆల్చిప్పల్లాగా రాయి పట్టుకుని వేలాడేది మనమే. కదల్లేనివాడు ఏం గెలుస్తాడండీ మేష్టారూ?" అని ఓరోజు అడిగేసింది. గొంతులో ఏడుపుకన్నా కోపమే ఎక్కువ.

"ఉండు, చూద్దాం."

రెండో గొట్టం మీద ప్రజావిచారణ పెట్టారు. దానికి మూడు రోజుల ముందు, విచారణ జరిపే అధికారిణి తీరం చూడ్డానికొచ్చింది. మేష్టారు ఆవిడ ఎదుటే గొట్టం దగ్గరి రాళ్ళ మీంచి ఓ బుట్టెడు, కొండ అవతలి రాళ్ళ మీంచి ఓ బుట్టెడు ఆల్చిప్పలు తీయించారు. తడిగోనె కప్పి, విచారణదాకా నీళ్ళలో వెయ్యకుండా ఉంచమన్నారు. రెండు బుట్టల్లోవీ బతికే ఉన్నాయి. చూపుకి తేడా ఏమీ లేదు.

కంపెనీ మేనేజరు నవ్వాడు. "పులుసుకా మేష్టారూ?"

"మసాలా నేను నూరిస్తాను బాబూ. గొట్టం దగ్గరివి మీరు తిందురుగాని."

మేనేజరు నవ్వు ఆగింది. "వీళ్ళు ఎండలో పెట్టి చంపేసి మా మీదకి తోస్తారు మేడం. మా గెస్టుహౌసులో ఏసీ గదుంది, అందులో పెట్టండి" అని పట్టుబట్టాడు.

"అలాగే. సీలు మాత్రం మీరే వెయ్యండమ్మా" అన్నారు మేష్టారు అధికారిణితో.

లోవరత్నానికి ఒళ్ళు మండింది. "దొంగ చేతికి తాళాలిస్తారేంటండీ!"

"ఏసీలో పడుకోనీవే వాటిని. మనకెలాగూ ఆ యోగం లేదు."

విచారణ రోజున పాలెం పాలెమంతా షామియానా కింద కూర్చుంది. మేనేజరు కాగితాలు చదివాడు. ఆ తర్వాత అధికారిణి సీళ్ళు విప్పించింది.

గొట్టం వైపు బుట్ట మీద గోనె ఎత్తగానే ముందు వరసవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. సగానికి పైగా నోళ్ళు వెళ్ళబెట్టి చచ్చిపోయి ఉన్నాయి. రెండో బుట్టలో ఉప్పునీటి వాసన తప్ప మరోటి లేదు. ఓ ఆల్చిప్ప కాస్త నోరు విప్పి ఉంటే అధికారిణి పెన్నుతో తట్టింది. అది టక్కున మూసుకుని పెన్ను మొన పట్టేసింది.

"ఒదల్దమ్మా అది, మా పాలెందే!" అని ఓ ముసలమ్మ కేకేసింది. షామియానా కింద నవ్వులే నవ్వులు.

"గది ఒకటే, చలవ ఒకటే. ఈ తేడా ఎక్కడిది?" అంది అధికారిణి.

మేనేజరు కాగితాలు ఎత్తి చూపించాడు. "నీళ్ళు శుభ్రమని..."

లోవరత్నం లేచి నిలబడింది. "ఆ కాగితం నీళ్ళు పట్టిన పూట సంగతే చెబుతుందండీ. ఇవి ఆ నీళ్ళే రాత్రనకా పగలనకా తాగాయి. సముద్రంలో ఉన్నంతకాలం ఎలాగో నెట్టుకొచ్చాయి. బయట పడేశాక తెలిసింది, వేటి ఒంట్లో సత్తువ మిగిలిందో!"

రెండో గొట్టానికి అనుమతి లేదు, మొదటిది ఆ పూటే ఆపాలి అని అధికారిణి అక్కడికక్కడే రాసి సంతకం పెట్టింది. డప్పులు లేచాయి. గంగమ్మ తల్లికి జై కొట్టి ముసలాళ్ళు కూడా చిందులేశారు.

లోవరత్నం మేష్టార్ని వెతుక్కుంటూ కొండ అవతలికి పరిగెత్తింది. ఆయన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, బతికినవాటిని తిరిగి రాళ్ళ మధ్య వదులుతున్నారు.

"గెలిచేశామండీ మేష్టారూ!"

"నువ్వేదో అడిగావే మొన్న?"

"కదల్లేనివాడు ఏం గెలుస్తాడని..."

మేష్టారు ఆఖరి ఆల్చిప్పని నీళ్ళలోకి జార్చి చెయ్యి దులుపుకున్నారు.

"చేపని పిలిస్తే వచ్చేదంటావా సాక్ష్యానికి?"