ఒంటెద్దు బండికి నక్క నేర్పిన సమతూకం

మా కాలవ గట్టున ఎవరూ తిన్నగా నిలబడరు. కొంగ తూలుతూ నడిచి, తప్పు గాలిదంటుంది. తగువులు తీర్చే మేకపోతు పచ్చగడ్డి ఎటుంటే అటు మొగ్గి, దాన్ని న్యాయమంటుంది. నేనేమీ అనను. చూసింది చెబుతానంతే.

ఆ రోజు ఎద్దు కోటిలింగం ఒంటెద్దు బండి నిండా గుమ్మడికాయలతో సంతకు బయల్దేరాడు. బండి ముందు పలకకు తాడేసి కట్టిన బుట్టలో కోడిపెట్ట పోలమ్మ, ఆవిడ పిల్లలు ఉన్నారు. వెనకాల నక్క పైడిరాజు నడుస్తున్నాడు. ఆరోగ్యం కోసమట.

"మామా, నీ మెడ కాయలు కాసిపోయిందే! బరువంతా ముందే వేశారు. ఇదీ ఒక తూకమేనా?" అన్నాడు పైడిరాజు.

"ముందు కాస్త బరువుండాలిరా అల్లుడూ. మెడ మీద ఆనకపోతే బండి నిలవదు."

"పాతకాలం మాట! సమతూకమంటే ముందెంతో వెనకంతే. ఉండు, నేను చూపిస్తా."

పైడిరాజు బండెక్కి నాలుగు కాయలు వెనక్కి దొర్లించి దిగాడు.

"హాయిగా ఉందిరా!" అన్నాడు కోటిలింగం.

"ఆ బుట్ట కూడా చివరికి జరిపితే, మెడ మీద బండి ఉన్నట్టే తెలియదు మామా."

బుట్టలో పిల్లలు తల్లి రెక్కల కిందికి దూరారు. బండి చివరంటే నక్క నోటికి జానెడు దూరం.

"అన్నా, వద్దు!" అంది పోలమ్మ.

"కాసేపేగా చెల్లీ," అన్నాడు కోటిలింగం. మెడ సుఖం మరిగితే చెవులు పనిచేయవు.

ఎదురుగా వంతెన ఎత్తు కనిపించింది. ప్రతి వారం ఈ బండెక్కే పోలమ్మకు ఆ ఎత్తు సంగతి తెలుసు.

"సరే అల్లుడూ. తూకం తెలిసినవాడివి నువ్వే. ముందు నువ్వు చివర కూర్చుని వంతెన ఎక్కు. బండి తొణక్కపోతే నా బుట్ట నువ్వే జరుపుకో."

"నాకే పరీక్షా అత్తా? నిలకడ అనేది లోకం నా దగ్గర నేర్చుకోవాలి!"

ఎగిరి చివర కూర్చుని, కాలు మీద కాలు వేసుకున్నాడు.

బండి ఎత్తు ఎక్కింది. ఎద్దుకు అటూ ఇటూ ఉండే నొగ కర్రలు ఆకాశంలోకి లేచాయి. పొట్ట కింది తాడు కోటిలింగాన్ని పైకెత్తేసింది. ముందుకాళ్ళు గాలిలో ఈదుతున్నాయి. గుమ్మడికాయలు ఒక్కొక్కటే పైడిరాజును పలకరిస్తూ వెనక్కి దొర్లాయి. ఆఖరి కాయతో పాటు ఆయనా కాలవలో పడ్డాడు. వెనక బరువు పోగానే నొగలు దిగాయి, ఎద్దు నేల మీదకొచ్చాడు. బుట్ట కట్టినచోటే ఉంది.

"దీన్నేమంటారు అల్లుడూ?"

"కాస్త అటూ ఇటూ అయింది అత్తా," అని నీళ్ళలోంచి వినిపించింది.

"చెల్లీ, నా కాయలు..." కోటిలింగం కాలవలోకి తొంగిచూశాడు.

"మెడ తేలికైందిగా అన్నా. పద."

పైడిరాజు గుమ్మడికాయను కావలించుకుని, మునుగుతూ తేలుతూ దిగువకు పోయాడు.

మెడ బరువు దించుతానని వచ్చినవాడి చూపు ఎటు మొగ్గుతోందో చూసుకున్నాకే బరువు జరపాలి.