ఎలుగుపిల్ల ఎత్తు మంచం

అనగనగా ఒక అడవి. ఆ అడవి మీద ఆగకుండా వాన. కొండవాలులో ఉన్న గుహలో భల్లమ్మ అనే ఎలుగుబంటి, దాని కూతురు నేరేడు ఉండేవి. పిల్ల నల్లగా నిగనిగలాడుతుందని ఆ పేరు పెట్టుకుంది తల్లి.

ఆ ఏడు గుహలోకి నీళ్లు ఊరాయి. నేల చెమ్మ, గోడ చెమ్మ, పరుచుకున్న ఆకులూ చెమ్మే. నేరేడుకి దగ్గు పట్టుకుంది. రాత్రంతా ఖళ్లు ఖళ్లుమని దగ్గేది. తేనె పెట్టినా మొహం తిప్పేసుకునేది. ఎలుగుపిల్ల తేనె వద్దందంటే ఎంత జబ్బు చేసిందో మీరే ఆలోచించుకోండి!

"ఈ తడి నేల మీంచి దీన్ని పైకి లేపకపోతే నా పిల్ల నాకు దక్కదు" అని భల్లమ్మ బెంగ పెట్టుకుంది.

కొండ కింద రోడ్డు పక్కన మనుషుల బంగళా ఒకటి ఉంది. వాళ్లు కొత్త సామాను కొనుక్కుని, పాత అరల బీరువాను బయట పెట్టేశారు. విప్పితే పలకలు, బిగిస్తే బీరువా, ఆ రకం అన్నమాట. భల్లమ్మ దాని చుట్టూ తిరిగి చూసింది.

"దీన్ని అడ్డంగా పడుకోబెడితే మంచం కాదూ!" అనుకుంది. సంతోషంతో దాని ఒళ్లు పులకరించింది.

ఎత్తింది, మోసింది, గుహ దాకా తెచ్చింది. తీరా చూస్తే గుమ్మంలో పట్టలేదు. తోసి తోసి చివరికి భల్లమ్మే ఇరుక్కుంది. చెట్టు మీద తోకన్న అనే కొండముచ్చు పడీపడీ నవ్వి, కిందికి దూకాడు.

"నవ్వానని ఏమనుకోకు చెల్లెమ్మా. ఈ వేళ్లున్నది పేలు చూడ్డానికేనా? నేను విప్పి పెడతానుండు" అన్నాడు.

బీరువా అరలో వంకర ఇనప పుల్ల ఒకటి దొరికింది. దానితో స్క్రూలన్నీ విప్పాడు. భల్లమ్మ బయటపడింది. దళసరి పలకలన్నీ లోపలికి చేరాయి. ఆఖరికి బీరువా వెనక కొట్టిన పల్చటి పలక మిగిలింది.

"అట్టముక్కలా ఉందిది. పడుకుంటే విరుగుతుంది. మనకెందుకు, అవతల పారెయ్ అన్నా" అంది భల్లమ్మ.

అటుగా పోతున్న దూదమ్మ అనే కుందేలు ఆ మాట విని ఆగింది. "అక్కా, నీకు అక్కర్లేకపోతే నేను తీసుకోనా? మా బొరియలోకి జల్లు కొట్టి పిల్లలు తడిసిపోతున్నారు" అంది.

"తీసుకుపో. ఆ పనికిమాలిన ముక్కకి అడగడం కూడానా!" అంది భల్లమ్మ.

తోకన్న పలకలన్నీ అడ్డంగా బిగించాడు. పైన పక్క, కింద ఖాళీ అరలు. నేరేడు పైకెక్కి, "అమ్మా, ఇక్కడ పొడిగా ఉంది!" అని కేక పెట్టింది. ఆ సంతోషంలో ఒక్క దొర్లు దొర్లింది. మంచం పక్కకి ఒరిగింది.

భల్లమ్మ కాళ్ల దగ్గర రాళ్లు పేర్చింది. అయినా ఒరిగింది. చుట్టూ తీగలు కట్టింది. తీగలతో సహా ఒరిగింది. "ఇంకా గట్టిగా బిగించన్నా" అంది. తోకన్న పళ్లు బిగబట్టి తిప్పాడు. ఆ చెక్క రంపపు పొట్టు అతికించి చేసింది. స్క్రూ పట్టిన చోటల్లా పొట్టు రాలి, మంచం ఓ పక్కకి వాలిపోయింది. నేరేడు దభీమని తడి నేల మీద పడింది. ఏడుపు, ఏడుపులోనే దగ్గు.

తోకన్న తల గోక్కున్నాడు. "నేను విప్పకముందు ఇది ఇలా ఊగలేదే! అప్పుడుండి ఇప్పుడు లేనిదేమిటి?"

"దూదమ్మ పిన్ని తీసుకెళ్లిందిగా" అంది నేరేడు, వెక్కుతూనే.

భల్లమ్మ వానలో పరుగెత్తింది. బొరియకి ఆ పలక అడ్డంగా ఆనించి ఉంది. ఒక్క లాగు లాగితే వచ్చేస్తుంది. కుందేలు అడ్డం రాగలదా? భల్లమ్మ పంజా చాచింది. పలక సందులోంచి చూస్తే లోపల కుందేలుపిల్లలు పొడిగా, వెచ్చగా నిద్రపోతున్నాయి. భల్లమ్మకి గుండె చివుక్కుమంది. "నా పిల్ల కోసం ఈ పిల్లల్ని తడపనా?" అనుకుని పంజా వెనక్కి తీసుకుంది.

"దూదమ్మా! పనికిమాలిందని నోరు జారాను. ఆ పలక లేకపోతే నా పిల్ల మంచం నిలబడట్లేదు. నీ పిల్లల్ని కూడా తీసుకుని మా ఇంటికి రా. మంచం కింద అరలన్నీ మీవే" అంది.

దూదమ్మ బిత్తరపోయింది. ఎలుగుబంటి ఇంట్లో కాపురమంటే మాటలా? కానీ తలుపు దగ్గర నిలబడి అడుగుతున్న ఆ పెద్ద మొహం చూసింది. పలక తీసి భల్లమ్మ చేతికిచ్చింది.

"పద అక్కా. పిల్ల దగ్గుతోంది" అంది.

తోకన్న చెడిపోయిన చిల్లులు వదిలేసి పక్క చిల్లుల్లో స్క్రూలు బిగించాడు. మంచం వెనక ఆ పల్చటి పలక పెట్టి, చుట్టూ దాని పాత చిన్న చిన్న మేకులే మళ్లీ కొట్టాడు. నేరేడు ఎక్కింది, దొర్లింది, గెంతింది కూడా. ఆ పలక నాలుగు మూలల్నీ కలిపి పట్టుకుంది, మంచం కదల్లేదు! కింది అరల్లో కుందేలుపిల్లలు ముడుచుకు పడుకున్నాయి. నాలుగు రోజులు తిరక్కుండానే దగ్గు తగ్గిపోయి, నేరేడు తేనె కావాలని అల్లరి పెట్టింది. భల్లమ్మ ఆనందంతో ఏడ్చేసింది.

అడవి అడవంతా మంచం చూడ్డానికి వచ్చింది. "ఎంత దళసరి పలకలో! ఎంత నున్నగా ఉందో!" అని అంతా ముందు నిలబడి మెచ్చుకున్నారు.

"పొగిడేదేదో ఇటు వచ్చి పొగడండి" అంది భల్లమ్మ. ఆ పలక అందరికీ కనపడాలనే మంచాన్ని గోడకి ఆనించకుండా వేసింది. వచ్చినవాళ్లందర్నీ వెనక్కి తీసుకెళ్లి చూపించి, తోకన్ననీ దూదమ్మనీ చెరో పక్కన నిలబెట్టుకుని చెప్పింది. "నా పిల్ల బతికిందంటే ఈ పలక వల్ల, వీళ్లిద్దరి వల్ల."

నీతి: మనల్ని పడిపోకుండా నిలబెట్టేవాళ్లు చాలాసార్లు మన వెనకే ఉంటారు, కనపడరు. వెనక్కి తిరిగి, వాళ్ల పేరు పెట్టి, మేలు చేశారని నలుగురిలో చెప్పాలి.