తలవైపు ముప్ఫై డిగ్రీలు

రండర్రా, దగ్గరికి జరిగి కూర్చోండి. వెనక గోడకి ఆనుకున్న పెద్దవాళ్లు కూడా ముందుకు రావచ్చు; ఇది మీకూ పనికొచ్చేదే.

పట్నంలో ఒక ఆసుపత్రి ఐసీయూలో సలోమి సిస్టర్ అని పెద్ద నర్సు ఉండేది. ఎవరేమడిగినా ఆమె వెంటనే జవాబు చెప్పేది కాదు. రోగి మంచం దగ్గరికి తీసుకుపోయేది. కొత్తగా చేరిన హైమ ఒకరోజు అడిగింది: “సిస్టర్, మొన్న మాకు పెట్టిన పరీక్షలో అందరికీ తొంభై దాటాయి. అయినా వెంటిలేటర్ మీదున్న ఇద్దరికి వరసగా ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. తెలిసి కూడా ఎక్కడ తప్పుతున్నాం?”

సలోమి ఆమెను మూడో మంచం దగ్గరికి తీసుకెళ్లింది. గొంతులో గొట్టంతో పడుకున్న నేతపనివాడు తిరపతయ్యకి అప్పుడే ఒళ్లు వెచ్చబడుతోంది. ఈయనకీ ఆ ఇద్దరి గతే పడుతుందేమోనని అందరికీ భయం.

“ఇలాంటి రోగి తల ఎంత ఎత్తులో ఉండాలి?”

“ముప్ఫై డిగ్రీలకి తగ్గకూడదు. తగ్గితే కడుపులోది గొంతులోకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది,” హైమ గడగడా చెప్పింది.

“ఇప్పుడెంతుంది?”

“ముప్ఫై.”

పక్కనున్న సీనియర్ నర్సు వజ్రమ్మ నవ్వింది. “పన్నెండేళ్లుగా ఎత్తుతున్నాను సిస్టర్. కళ్లు మూసుకుని ఎత్తినా ముప్ఫయ్యే.”

సలోమి జేబులోంచి బడిపిల్లలు వాడే కోణమానిని తీసింది. దాని నడిమి చిల్లుకి దారం, దారం కొసన చిన్న నట్టు. మంచం తలవైపు వాలు అంచుకి దాన్ని ఆనించి పట్టుకుంది. దారం ఊగి ఊగి నిలబడింది. తొంభై గీత నుంచి ఎంత పక్కకు జరిగిందో హైమ చేతనే లెక్కపెట్టించింది.

పద్దెనిమిది.

హైమ మంచం పిడి తిప్పుతూ పోయింది. దారం ముప్ఫైకి చేరేసరికి వజ్రమ్మ గాభరాపడింది: “ఇంతా! మనిషిని కూర్చోబెట్టేశావు కదే!”

“ముప్ఫై అంటే ఇదన్నమాట అక్కా,” అంది హైమ మెల్లగా.

ఆనాటి నుంచి డ్యూటీ మారినప్పుడల్లా కొలిచారు. తిరపతయ్యకి జ్వరం దిగింది. ఐదో రోజున గొట్టం తీశారు. బొంగురు గొంతుతో ఆయన మొదట అన్నమాట: “ఒక్కపూటన్నా తిన్నగా పడుకోనివ్వలేదు కదమ్మా మీరు!”

హైమ నవ్వు ఆపుకోలేక సలోమి వైపు తిరిగింది. “ఇంతకీ సిస్టర్, మాకు తెలిసినట్టా, తెలియనట్టా?”

“నాలుగో మంచం కొలిచావా?” అంది సలోమి.

ఇక లేవండర్రా. ఇళ్లల్లో అన్నాలు చల్లారిపోతుంటాయి, వెళ్లి తినండి.