తాడుకు వదులు

"వదులూ!"

ఆ కేక బండ మీద పుట్టి, ఊరి వీధి పొడుగునా పరిగెత్తి, ఆ చివర సంగటి కెలుకుతున్న వాళ్ళ చెవిన పడింది. ఏనుగుబండ అనే ఆ పల్లెలో వీధికి ఒక కొసన పెద్దమ్మ గుడి, రెండో కొసన నిట్టనిలువు రాతికొండ. అశ్వత్థం మాస్టారు ఏటా చలికాలంలో ఆ కొండ కింద సెలవుల శిబిరం పెడతారు. పట్నాల వాళ్ళు వచ్చి రాళ్ళ మీద పాకడం, బండలెక్కడం నేర్చుకుంటారు. మోకాళ్ళు గీరుకుపోయి, నడుములు పట్టేసి, అయినా ముఖాలు వెలిగిపోతూ ఇళ్ళకు పోతారు. ఏమి సుఖమో అది, ఎక్కినవాళ్ళకే తెలియాలి.

కేక వేసింది విశాలాక్షి. గుంతకల్లు స్టేషన్లో టిక్కెట్లిచ్చే మనిషి. కొండ నడుమ రాయి ముందుకు ఉబికి ఉంటుంది, దాన్ని అందరూ బొజ్జ అంటారు. ఆమె ఆ బొజ్జ కింద బల్లిలా అతుక్కుని ఉంది. ఆమె నడుముకు కట్టిన తాడు పైకి పోయి, కొండకొమ్మున ఇనుప రింగులోంచి తిరిగి కిందికి వచ్చి, మొగుడు నాగలింగం చేతుల్లో ఉంది. అతను కొత్తవాడు కనుక తాడు కొసను వెనక మాస్టారు కూడా పట్టుకుని నిలబడ్డారు.

"వదులూ!" అని మళ్ళీ అరిచింది విశాలాక్షి.

"వదలను! నా ప్రాణం పోయినా నిన్ను వదలను!" అని నాగలింగం గొంతు చించుకుని, తాడును ఇంకో మూర లాగి బిగించాడు.

కింద నిలబడ్డ వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ శిబిరంలో ఒక కట్టుబాటు ఉంది. చివరి మనిషి కొండ దిగి వచ్చేదాకా ఎవరూ విస్తరి ముందు కూర్చోరు. అందుకని ఒకాయన చేతులు జోడించి, "అన్నా, నీ ప్రేమ సల్లగుండ! మా పేగులు అరుస్తుండాయి, ఆయమ్మ అడిగింది ఇయ్యన్నా!" అన్నాడు.

అసలు సంగతి ఏమిటంటే, మాస్టారు ఇంగ్లీషు కేకలు ఒప్పుకోరు. తాడు లాగమనడానికి 'బిగువు', సడలించమనడానికి 'వదులు', ఈ రెండే ఆయన మాటలు. ఆ పాఠం చెప్పిన పొద్దున నాగలింగం వీధి హోటల్లో ఉగ్గాని తింటూ కూర్చున్నాడు.

అతను దర్జీ. పెళ్ళాం ఏటా ఈ కొండకు రావడం, ఏటా ఆ బొజ్జ కిందనుంచే వెనక్కి దిగడం, ఇంటికి వచ్చాక ఏడాదంతా ఒకటే ధ్యాస. పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపల తలుపు పైకమ్మిని వేళ్ళ కొసలతో పట్టుకుని వేలాడేది. ఆ వేలాడే మనిషిని మిషను ముందు కూర్చుని చూస్తూ అతను లోలోపల బెంగ పడేవాడు. ఆ బెంగతోనే ఈసారి వెంట వచ్చాడు. వచ్చి, నిన్న సాయంత్రం మాస్టారు తాళ్ళు చుట్టుకుంటుంటే పక్కన కూర్చున్నాడు.

"మాస్టారూ, నా దగ్గర ఏం తక్కువైందని ఈమె మనసు ఈ రాయి మీదుంది? మనిషిని మనకాడ నిలుపుకోవాలంటే ఎట్లా పట్టుకోవాల?"

మాస్టారుది అదో అలవాటు. ప్రశ్న అడిగినవాడికి పని చెబుతారు. "రేపు చివరి రోజు. ఆమె తాడు నువ్వు పట్టు" అన్నారు, అంతే.

ఇప్పుడు ఆ తాడు వీణ తీగలా బిగిసి ఉంది. బొజ్జను దాటే దారి నేరుగా పైకి లేదు. ముందు ఒక అడుగు కిందికి దిగి, ఎడమపక్క చీలికలోకి కాలు చాపి, అక్కడినుంచి లేవాలి. ఆ సంగతి విశాలాక్షికి ఈ ఏడే కంటబడింది. కానీ దిగనిచ్చేది ఎవరు? ఆమె కిందికి జరగబోయినప్పుడల్లా మొగుడు పైకి లాగుతున్నాడు. పిక్కలు వణుకుతున్నాయి. ఇంకాసేపైతే చేతులు జారతాయి. ఈ ఏడూ ఇంతే.

మాస్టారు అతని చెవి దగ్గరికి వంగి, "నాగలింగం, చంక కాడ బిగించి కుట్టిన జాకెట్టు తొడుక్కుంటే చెయ్యి పైకి లేస్తుందా?" అని అడిగారు.

నాగలింగం నోరు తెరిచాడు. ఆడవాళ్ళు రోజూ తన అంగట్లో చెప్పే మాటే. చంక కాడ కొంచెం వదులు పెట్టన్నా, అని. అతని చేతులు వాటంతట అవే తాడును జరిపాయి. ఎంత కావాలో అంతే, వేళ్ళకు తెలిసిన కొలత. పైన విశాలాక్షి ఒక అడుగు దిగింది, కాలు చాపింది, బొజ్జ పక్కనుంచి మెల్లగా కనుమరుగైంది. కాసేపటికి కొండకొమ్మున నిలబడి కనిపించింది.

అందరూ ఈలలు వేశారు. ఆమె తిరిగి చూడలేదు. నడుము తాడు విప్పేసి, వీళ్ళకు వీపు పెట్టి, అటు దిక్కుకు చూస్తూ అట్లాగే నిలబడిపోయింది. నాగలింగం చేతుల్లో తాడుకు బరువు లేదు. అట్లే అవతలికి నడిచిపోతుందేమోనని అతనికి భయం వేసింది. పిలుద్దామనుకున్నాడు, పిలవలేదు.

వెనక దారిన ఆమె దిగి వచ్చేసరికి వీధిలో చాపలు పరిచి ఉన్నాయి. ఆమె వచ్చాకే అందరూ ఒక్క వరుసన కూర్చున్నారు. వేడి సంగటి ముద్దలు, గుంటలు చేసి పోసిన నెయ్యి, చెనక్కాయల చట్నీ. ఆమె మొగుడి పక్కనే కూర్చుని, తోలు లేచిన వేళ్ళకు నెయ్యి మంట పుడుతుంటే ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంది.

"అంతసేపు ఆడ ఏం చూసినావు?" అన్నాడు నాగలింగం, విస్తరి వైపే చూస్తూ.

"మనూరు ఎటుపక్క ఉంటాదా అని. రైలు పట్టాల దాకా కనపడింది. ఆపైన అంతా మసక. ఎంత చూసినా కనపళ్ళేదయ్యా."

నాగలింగం చేతిలో ముద్ద అట్లాగే ఆగింది. వరుస చివర కూర్చున్న మాస్టారు వైపు తిరిగి, "మాస్టారూ, మరి నిన్న నేనడిగింది..." అన్నాడు.

మాస్టారు చట్నీ గిన్నె అతని వైపు జరిపారు.

"వచ్చే ఏడు నువ్వెక్కు నాగలింగం. తాడు ఆమె పడుతుంది."