మసి పూయని ఆకు

ఒకానొక రాజ్యం ఉండేది, పేరు కుందవరం. దాన్ని ఏలే రాజు రణమార్తాండ భూపతి. పేరు విని పెద్ద పెద్ద యుద్ధాలు చేశాడనుకునేరు. ఆయన జన్మలో ఒక్క యుద్ధానికీ వెళ్ళిన పాపాన పోలేదు. వెళ్ళకపోయినా, వెళ్ళి గెలిచినట్టు పన్నెండు సర్గల కావ్యం మాత్రం రాసుకున్నాడు. దానికి ‘రణమార్తాండ దిగ్విజయం’ అని పేరు పెట్టి పండితులందరికీ తలా ఒక ప్రతి, ఒక్కో ఠాణాకూ ఒక ప్రతి కానుకగా పంపాడు.

ఆ కొలువులో రాయసం తిప్పన అని ఒకాయన ఉండేవాడు. రాజు చెప్పినదాన్ని తాటాకు మీద గంటంతో చెక్కడం ఆయన ఉద్యోగం. ఎదుటివాడి మాట పూర్తికాకముందే బదులు చెప్పగల దిట్ట. కొలువులో నవ్వు కరువైనప్పుడల్లా ఆయన్నే పిలిచేవారు. ఇంటికి వెళ్ళాక ఆయన నవ్వగా చూసినవాళ్ళు మాత్రం లేరు.

ఎందుకంటే తిప్పన ఇరవై ఏళ్ళు కూర్చుని ఒక కావ్యం రాశాడు. ఆయన చిన్నతనంలో మెట్టసీమలో వచ్చిన కరువే అందులో కథ. ఊళ్ళకు ఊళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని నడిచాయి. ఆ నడకలోనే ఆయన తల్లి పోయింది. ‘క్షామచరితం’ అని పేరు పెట్టి, దాన్ని ఆస్థాన పండితుడు విరూపాక్ష సోమయాజులుగారి చేతిలో పెట్టాడు. సోమయాజులుగారు నెల తర్వాత తిరిగిచ్చి, అద్భుతంగా ఉందోయ్ తిప్పనా, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి అన్నారు.

ఇక్కడ ఆ రాజ్యపు పద్ధతి ఒకటి చెప్పాలి. గంటంతో చెక్కిన అక్షరం ఆకు రంగులోనే ఉంటుంది, కంటికి ఆనదు. దీపపు మసిలో ఆకుపసరు కలిపి పైన రుద్ది తుడిస్తే, గీతల్లో మసి నిలిచి అక్షరాలు తేలతాయి. తక్కిన చోట్ల ఆ పని రాసినవాడే చేసి ఇస్తాడు. కుందవరంలో అలా కాదు, మసి పూసుకోవడం చదివేవాడి వంతు. చదవబోయే ఆకుకు, పంక్తి వెంట పంక్తిగా, తన బొటనవేలితో తానే మసి పూయాలి. అది పుస్తకానికి చేసే మర్యాదని పెద్దలు పెట్టిన ఆచారం.

తిప్పన ఇంటికి వెళ్ళి కట్ట విప్పి చూసుకున్నాడు. నూట ఎనభై ఆకులూ ఇచ్చినవి ఇచ్చినట్టే తెల్లగా ఉన్నాయి. మొదటి ఆకుకు కూడా మసి అంటలేదు. ఆ తర్వాత మరో అయిదుగురికి ఇచ్చి చూశాడు. అయిదుగురూ మెచ్చుకున్నారు, అయిదుసార్లూ కట్ట అలాగే తిరిగొచ్చింది. ఆయన కట్టను మళ్ళీ గుడ్డలో చుట్టి అటకెక్కించాడు. ఎవరినైనా అని ఏం లాభం?

ఆ యేడు వానాకాలంలో, కసితోనో విసుగుతోనో, నలభై రోజుల్లో ‘సంపెంగపొద’ అనే కథ రాశాడు. ఒక పూలమ్మి, ఒక పడవవాడు, ఏటి ఒడ్డున ఒక సంపెంగపొద. కథ అంతే. ఆ పొద వెనక ఏం జరిగిందో చెప్పడానికి మాత్రం నలభై ఆకులు పట్టింది. తన పేరు రాయకుండా దాన్ని తీసుకెళ్ళి రేవు దగ్గర సత్రంలో వదిలేశాడు.

చెడ్డగా రాశాడా అంటే లేదు. మాటలు చక్కగా కుదిరాయి. నవ్వు వస్తుంది, ఒళ్ళు జల్లుమంటుంది, పూలమ్మి మాట్లాడితే పక్కింటి మనిషి మాట్లాడినట్టే ఉంటుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు, తెలిసే బాధపడ్డాడు. కథ నడుమ ఇరవై రెండో ఆకులో ఒక దొంగపని కూడా చేశాడు. పూలమ్మి పడవలో కూర్చుని, కరువులో దారిపక్కన పోయిన తన తల్లిని తలుచుకుంటుంది. ఆ ఆకు ‘క్షామచరితం’లోది, ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టాడు. ఇలాగైనా ఎవరి కంటనైనా పడుతుందేమోనని ఆశ.

మూడు నెలలు తిరక్కుండా ‘సంపెంగపొద’ రాజ్యమంతా పాకింది. రాయసగాళ్ళకు దాన్ని చెక్కడంతోనే సరిపోయేది. వడ్లు దంచే చోట చదివారు, పల్లకీల్లో చదివారు, మంగలి ముందు తల వంచి కూర్చుని చదివారు. బజారుకు వెళ్తే బొటనవేలు నల్లగా లేనివాడు కనపడేవాడు కాదు.

ఒకనాడు రాజుగారు కోటగోడ మీద షికారు చేస్తుంటే, కావలివాడొకడు ఈటె గోడకు ఆనించి, ఒళ్ళు మరిచి చదువుకుంటున్నాడు. నడివయసు మనిషి. కళ్ళు తుడుచుకుంటున్నాడు కూడా. తన ‘దిగ్విజయం’ చదివి ఉప్పొంగిపోతున్నాడనుకుని రాజు దగ్గరికి వెళ్ళి ప్రేమగా అడిగాడు. చూస్తే ‘సంపెంగపొద’. మరి నా కావ్యం ఎక్కడ అని అడిగితే, ఠాణాలో కుండ మీద మూతగా ఉంది ప్రభూ, చాలా గట్టి అట్టలు అన్నాడు ఆ అమాయకుడు.

కావలివాణ్ణి ఆ పూటే ఎల్లల అవతలికి తోలేశారు. వాడి పుస్తకం సాక్ష్యంగా కొలువుకు వచ్చింది. సోమయాజులుగారు దాన్ని అంగవస్త్రంతో పట్టుకుని, ఇలాంటి బూతు కంటపడితేనే మూడు స్నానాలు చేయాలన్నారు. తక్కిన పదకొండుమంది పండితులూ తలలు ఊపారు. ప్రతులన్నీ తగలబెట్టాలని తేల్చారు. అప్పుడు రాజు తిప్పన వైపు తిరిగాడు.

“ఇది రాసినవాణ్ణి పదిరోజుల్లో పట్టుకుని తీసుకురా. వాడి కుడిచేతి బొటనవేలు తీయిస్తాను. పట్టుకోలేకపోయావో, ఆ వేలు నీదే తీయిస్తాను.”

పట్టుకున్నా పట్టుకోకపోయినా పోయేది ఒకే వేలని తిప్పన ఒక్కడికే తెలుసు. బొటనవేలు లేనివాడు గంటం పట్టలేడు. గంటం పట్టని తిప్పన బతికున్నా ఒకటే, లేకున్నా ఒకటే. అయినా ఆ క్షణంలో ఆయనకు భయం కంటే నీరసమే ఎక్కువ కలిగింది. ఇరవై ఏళ్ళ పుస్తకానికి ఎవరూ వేలు కదపలేదు, నలభై రోజుల పుస్తకానికి ఏకంగా వేలే అడుగుతున్నారు. సరేనని తల వంచి, ఒక మనవి చేసుకున్నాడు. ఉరిశిక్ష పడ్డ మనిషికైనా మూడు రోజుల గడువు ఉంది కదా, పుస్తకానికి మాత్రం ఎందుకు లేకపోవాలి? పన్నెండు కొత్త ప్రతులు పన్నెండుమంది పండితుల ఇళ్ళలో మూడు రోజులు ఉంచి, ఆపైన వాళ్ళ చేతులతోనే మంటల్లో వేయిస్తే ఏలినవారి ధర్మనిరతి నాలుగు దిక్కులా మోగుతుంది. శిక్ష వేసినవారు కనుక పదమూడోది ప్రభువుల మందిరంలో ఉండాలి.

ధర్మనిరతి మోగుతుందనేసరికి రాజు కరిగిపోయాడు. కట్టు కూడా విప్పబోమని పండితులు ప్రమాణాలు చేశారు. తిప్పన దగ్గరుండి పదమూడు ప్రతులు చెక్కించి, మసి తగలని తెల్లటి ఆకులు పంచిపెట్టాడు.

నాలుగో రోజు కోట ముంగిట మంట వేశారు. ఊరంతా వచ్చింది. పండితులు ఒక చేత్తో ‘సంపెంగపొద’, మరో చేత్తో ‘దిగ్విజయం’ పట్టుకుని వచ్చారు. పాపపు పుస్తకం కాలుతుండగా పుణ్యపు పుస్తకం చదివితే గాలి శుద్ధి అవుతుందని తిప్పనే చెప్పించాడు. ముందుగా సోమయాజులుగారిని అయిదో సర్గలోంచి ఒక పద్యం వినిపించమని కోరాడు.

సోమయాజులుగారు కట్టు విప్పి, ఆకు తీసి, గొంతు సవరించుకుని దీర్ఘంగా ఒక పద్యం అందుకున్నారు. అది ఆయన ప్రతి పెళ్ళిలోనూ వరుణ్ణి పొగడడానికి చదివే పద్యమే. రాజు ముందు తల ఊపాడు. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. తాను రాయని పద్యం తన పుస్తకంలోకి ఎలా వచ్చిందని సింహాసనం దిగివచ్చి ఆకులోకి తొంగిచూశాడు. ఆకు తెల్లగా ఉంది. పక్కాయన చేతిలోదీ తెల్లగానే ఉంది. పన్నెండు ప్రతులు విప్పించాడు. ఆరు నెలలుగా పొగడ్తలు అందుకున్న కావ్యానికి ఒక్కచోటా మసి అంటలేదు.

రాజు ముఖం చూసి తిప్పనకు జాలేసింది. ఆ చూపు ఎలాంటిదో ఆయనకు తెలియనిది కాదు. తన కట్ట విప్పుకున్న ప్రతిసారీ తనూ అలాగే చూశాడు.

ఇక రెండో పుస్తకం విప్పమన్నాడు తిప్పన. పండితులు కదల్లేదు. నాలుగో రోజుకు ఎలాగూ బూడిదయ్యేదే కదా, కట్టు విప్పి చూసేదెవరులే అనుకున్నారు పాపం. భటులు విప్పారు. పైపైన చూస్తే పన్నెండు ప్రతులూ మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా నల్లగా కనిపించాయి. పొద వెనక ఘట్టం ఉన్న ఆకులైతే అంచులు నలిగి మెత్తబడ్డాయి. జనం గొల్లున నవ్వారు.

“రాసినవాణ్ణి పట్టుకోమన్నారు, పట్టుకున్నాను ప్రభూ,” అంటూ తిప్పన ఎడమచేత్తో తన కుడిచేతి మణికట్టు పట్టుకుని చూపించాడు. “ఇదిగో దొంగ. వేలు తీయించండి. అయితే ఒక్క సందేహం. రాసిన వేలిదే తప్పా, మసి పూసిన వేళ్ళది కూడానా? వాటిదీ అయితే కత్తి పన్నెండుసార్లు లేవాలి. పదమూడో ప్రతికి మసి పూసిన వేలు ఎక్కడుందో వెతకాలి.”

రాజు కుడిచేయి దానంతటదే ఉత్తరీయం కిందికి దూరింది. ఆయన కాసేపు నేల చూశాడు, కాసేపు సోమయాజులుగారి బొటనవేలు చూశాడు, చివరికి తన చేయి బయటికి తీసి నల్లటి గోరు చూసుకున్నాడు. అంతే, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, తన చేతి బంగారు కంకణం తీసి తిప్పన చేతికి తొడిగాడు. తీస్తానన్న బొటనవేలి పక్కనే అది మెరిసింది.

మంట ఆర్పారు. పుస్తకాలు లెక్కచూసి భద్రపరచాల్సింది తిప్పనే కనుక, ఆయన ఒక్కొక్కటీ సర్దుతూ కూర్చున్నాడు. సర్దుతూ సర్దుతూ ఆగలేక ఇరవై రెండో ఆకు తీశాడు. సోమయాజులుగారి ప్రతిలో మొదటి పంక్తికి మసి ఉంది. కరువు అన్న మాట దాకా పూసి, అక్కడ ఆపి, ఆకు తిప్పేశారు. కింద అంతా తెలుపు. రెండో ప్రతి, మూడో ప్రతి, పన్నెండూ అంతే. రాజుగారి ప్రతి తెప్పించుకుని చూశాడు. అందులో ఒకటిన్నర పంక్తి నల్లగా ఉంది. ఎంతైనా రాజు కదా, అర పంక్తి ఎక్కువ ఓర్చుకున్నాడు. అప్పుడు తిప్పనకు ఆ వేలు పోయినా ఇంత బాధ ఉండేది కాదనిపించింది.

చివరగా కావలివాడి ప్రతి మిగిలింది. అలవాటుగా అదే ఆకు తీశాడు. ఆకు నిండా మసి. ఒక్కసారి కాదు, వెలిసినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ పూసిన మసి. తల్లిని దారిపక్కన పడుకోబెట్టి కొంగు కప్పే చోట చెమ్మ తగిలి అక్షరాలు అలుక్కుపోయాయి. గోడ మీద వాడు కళ్ళు తుడుచుకున్నది ఏ ఆకు దగ్గరో తిప్పనకు అప్పుడు తెలిసింది.

ఆయన లేచి వెళ్ళి, కంకణం వద్దు, ఆ కావలివాణ్ణి వెనక్కి పిలిపించండి చాలునని వేడుకున్నాడు. రాజు దానికేం భాగ్యమన్నాడు. వాడి పేరేమిటని కావలిదళాన్ని నడిపే దళవాయిని అడిగితే తెలియదన్నాడు. ఏ సీమవాడని అడిగితే అదీ తెలియదన్నాడు. ఎల్లల దగ్గర ఏ దారిన పోయాడో చూసినవాళ్ళు లేరు.

“పోనీలే తిప్పనా, ఆ పూలమ్మి చివరికి ఏరు దాటిందా లేదా? రెండో భాగం రాయి, త్వరగా రాయి,” అన్నాడు రాజు ఇంకా నవ్వుతూనే.

తిప్పన రాశాడు. మొదటిదాని కంటే పొదలు ఎక్కువే పెట్టాడు. రాజ్యమంతా మళ్ళీ వేళ్ళు నల్లగా చేసుకుంది, ఎల్లల అవతలికి కూడా ప్రతులు పోయాయి. అందులోనూ ఇరవై రెండో ఆకు ‘క్షామచరితం’లోదే. అది ఎవరికోసం పెట్టావని రాజుగారు అడగలేదు. ఆ ఆకుకు పూర్తిగా మసి పూసి ఉంటే కదా అడగడానికి.