గోడలో మేడిపండు

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. ఆ వెనకాల స్తంభానికి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకొచ్చేయండి. చంటిపిల్లలున్న తల్లులు దీపం పక్కన కూర్చోండి. అందరూ ఒక్కసారి కళ్ళు మూసుకుని స్వామికి దణ్ణం పెట్టుకోండి. నోరులేని జీవాలకి కథలో మాటలిచ్చేది ఆయనే కదా! పెట్టుకున్నారా? ఇక వినండి.

అనగనగా ఒక అడవి. దానికి ఒక పక్క కొండ, ఇంకో పక్క సముద్రం. ఆ అడవిలో ఒక ముసలి ఇప్పచెట్టు. ఆ చెట్టు తొర్రలో నూకాలు అనే కొమ్ముపిట్ట కాపురం. కొమ్ముపిట్టని ఎప్పుడైనా చూశారా? ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టుకున్నట్టు ఉంటుంది. ఎగిరిందంటే హుష్, హుష్ అని ఎవరో మబ్బుల్లో చాట చెరిగినట్టు చప్పుడు.

వాళ్ళ కులంలో ఒక ఆచారం ఉంది. గుడ్లు పెట్టే కాలం రాగానే తల్లి తొర్రలోకి వెళుతుంది. మట్టి, పండ్ల గుజ్జు, రెట్ట కలిపి లోపలినుంచి తనే వాకిలి మూసేసుకుంటుంది. ముక్కు కొన పట్టేంత చీలిక ఒక్కటే వదులుతుంది. లోపల ఆమె రెక్కల ఈకలన్నీ రాలిపోతాయి. ఎగురుదామన్నా ఎగరలేదు. ఇక ఆమెకి బయటి లోకమంటే మగడే. అతను తెచ్చిందే తిండి, అతను చెప్పిందే కబురు.

నూకాలు మగడి పేరు పైడన్న. రోజూ సముద్రపు గట్టున ఉన్న మేడిచెట్టుకి వెళ్ళి పండ్లు తెచ్చేవాడు. పెళ్ళికి ముందు నూకాలుకి అతను మొదటి పండు అందించింది ఆ చెట్టు మీదే.

"నూకాలూ, ముక్కు చాపు" అనేవాడు చీలిక దగ్గర వాలి.

"ఇన్నేనా మావా? దారిలో సగం నువ్వే మింగావా?" అనేది ఆమె.

"మింగానే. తీపో కాదో చూడొద్దూ?"

లోపల పిల్లలు కిచకిచమనేవి. గోడకి అటు ఒకరు, ఇటు ఒకరు నవ్వుకునేవారు. ముక్కుకి ముక్కు తగిలేది. అంతే వాళ్ళ కాపురం. అదే వాళ్ళకి వైకుంఠం.

ఆ మేడిచెట్టుకి అవతల మనుషులు ఒక పెద్ద తెల్లటి గుండుమేడ కట్టుకున్నారు. అందులో అణువుని చీల్చి నిప్పు తీస్తారు. పొగ లేని నిప్పు అది. దాంతో ఊళ్ళన్నిటికీ దీపాలు వెలుగుతాయి. అడవి జంతువులకి దాని సంగతి అంతకుమించి తెలీదు.

ఒకనాడు పైడన్న "ఎండ ముదిరేలోపు వచ్చేస్తా" అని ఎగిరి వెళ్ళాడు.

ఎండ ముదరలేదు. అంతకుముందే భూమి కదిలింది. ఇప్పచెట్టు ఎద్దులబండిలా ఊగింది. కొండ మీది బండలు దొర్లాయి. నూకాలు పిల్లల్ని రొమ్ము కిందకి లాక్కుని "స్వామీ, స్వామీ" అంది. కాసేపటికి భూమి ఆగింది. గోడ నిలిచింది. అంతలో గుండుమేడ వైపు నుంచి సైరన్ ఊళ మొదలైంది. ఎంతసేపటికీ ఆగలేదు.

పైడన్న రాలేదు.

ముందుగా కాకి వచ్చింది. రొప్పుతూ చీలిక పక్కన వాలింది.

"వదినా! ఇంకా లోపలే ఉన్నావా? మేడ బద్దలైపోయింది! గాలంతా విషం! అడవి అడవంతా లోయలోకి పరిగెడుతోంది. మీ ఆయన కూడా..." అని ఆగింది.

"మా ఆయనకేమైంది?"

"ఎలా చెప్పను వదినా! రెక్కలు మాడి పడిపోయాడట."

నూకాలు పిల్లల్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. అయినా అడిగింది. "నువ్వు చూశావా?"

"గద్ద చూసిందట."

"గద్ద నీతో చెప్పిందా?"

"గద్ద గోరింకకి చెప్పింది. గోరింక ఎవరితోనో అంటుంటే నేను విన్నాను. నిప్పు లేనిదే పొగ వస్తుందా వదినా?"

"ఆ మేడలో నిప్పుకి పొగే లేదు కదమ్మా."

కాకికి ఒళ్ళు మండింది. "పోనీలే అని చెప్పడానికి వస్తే నాకే పాఠాలా! నీ గోడా, నువ్వూ!" అని ఎగిరిపోయింది. పక్క చెట్టు మీద వాలి అరవడం నూకాలు చెవిన పడింది. "పైడన్న పడిపోయాడర్రా! నా కళ్ళారా చూశాను!"

చూశారా? ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి పోయేసరికి విన్నది కాస్తా చూసిందైపోయింది.

తరవాత ఏదుపంది అత్త వచ్చింది. పాపం, పగటిపూట బయటికి రాని మనిషి. మూతినిండా తెల్లమట్టి.

"నూకాలూ, చవుటినేల ఉప్పుమట్టి నాకితే ఆ విషం ఒంటికి అంటదటే! నేను నాకాను, పిల్లలకి పెట్టాను, నీకూ తెచ్చాను" అంది చెట్టు మొదట్లో నిలబడి.

"ఎవరు చెప్పారత్తా?"

"అందరూ చెబుతున్నారే! అక్కడ కాలు పెట్టే సందు లేదనుకో. దుప్పులు, కణుజులు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కుమ్ముకుంటున్నారు. ఇదిగో, నా ముళ్ళు విరిగాయి చూడు."

"అందరూ అంటే ఎవరత్తా?"

ఏదుపంది ఆలోచించింది. ఒక్క పేరూ తట్టలేదు. "ఏమోనే. అందరూ" అంది.

"నీ ప్రేమకి దణ్ణం అత్తా. మట్టి మాత్రం వద్దు. పిల్లల్ని గాలిలో తిప్పకు. బొరియలోకి తీసుకుపో."

"బొరియ కూలిపోయిందే" అంది ఏదుపంది. ఆ మాట అంటున్నప్పుడు దాని గొంతు చిన్నదైపోయింది.

మూడోవాడు కొండముచ్చు తాత. కొమ్మ మీద తోక వేలాడేసుకుని తీరిగ్గా కూర్చున్నాడు.

"ఏమీ కాలేదే పిచ్చిదానా! భూమి ఒళ్ళు విరుచుకుంటుంది, మళ్ళీ పడుకుంటుంది. మన పండ్లు కాజేద్దామని మనుషులు వేసిన ఎత్తు ఇది. గోడ పగలగొట్టుకుని రా. హాయిగా గాలి పీల్చు."

"సముద్రం దాకా వెళ్ళి చూసొచ్చావా తాతా?"

"చూడ్డం ఎందుకు? నాకు తెలుసు!"

నూకాలు చీలికలోంచి ముక్కు లోపలికి తీసుకుంది. ఆమెకి కావలసింది ఒక్కటే. పైడన్న బతికున్నాడా? లేకపోతే ఈ గోడ లోపల పిల్లలతో సహా ఆకలికి పోతుంది. ఉంటే, తొందరపడి గోడ తీసి పిల్లల్ని ఆ గాలికి ఇచ్చినట్టవుతుంది. ఎవరి మాట పట్టుకోవాలి?

అప్పుడు చెట్టు కింద వినిపించింది. "తీ... తీ... తూ!"

"ఛీ ఛీ, తీతువు కూసింది! ఇప్పుడే కూయాలా ఈ దరిద్రం!" అంది మళ్ళీ వచ్చి పై కొమ్మ మీద వాలిన కాకి.

తీతువు చెట్టెక్కే పిట్ట కాదు. నేల మీదే దాని బతుకు. ఎర్రటి కాటుక పెట్టుకున్నట్టు కళ్ళు, పొడుగాటి కాళ్ళు. తల పైకెత్తి చీలిక వైపు చూసింది.

"చెల్లీ, నేను గుండుమేడ పక్క బీడులో ఉంటాను. చూసింది చెబుతాను. చూడనిది చెప్పను. భూమి కదిలాక మేడలోంచి ఆవిరి లేచింది. మైకు కట్టిన బండి ఊరంతా తిరిగింది. ఇళ్ళలోంచి రావద్దు, తలుపులూ కిటికీలూ మూసుకోండి, ఆరుబయటి నీళ్ళు తాగొద్దు అని చెప్పింది. తెల్ల తొడుగులు వేసుకున్న మనుషులు పెట్టెలు పట్టుకుని గాలిని కొలుస్తున్నారు. గాలి సముద్రం మీంచి లోయవైపు పోతోంది."

"అయ్యో! అడవంతా లోయలోకే కదా పరిగెత్తింది!"

"ఎదురెళ్ళి చెప్పాను. నీ నోట మంచి మాట వస్తుందా అని తరిమారు."

నూకాలు మళ్ళీ చీలికలోకి ముక్కు తెచ్చింది. మెల్లగా అడిగింది. "మా ఆయన?"

"భూమి కదిలాక మేడిచెట్టు మీద చూశాను. బతికే ఉన్నాడు. ఒంటినిండా మేడ పక్క దుమ్ము. నీ దగ్గరికే బయలుదేరాడు. నేనే ఆపాను. ఆ దుమ్ముతో పిల్లల నోట్లో ముక్కు పెడతావా అన్నాను. ఏడ్చాడు చెల్లీ. ఆ గాలి సోకని కొండ వెనక సెలయేట్లో మునిగి, గాలి మళ్ళేదాకా అక్కడే ఉంటానన్నాడు."

"ఇప్పుడెలా ఉన్నాడక్కా?"

"తెలీదు."

ఆ ఒక్క మాట నూకాలు గుండెకి చల్లగా తగిలింది. పొద్దుట్నుంచీ ఇంతమంది వచ్చారు. తెలీదు అన్నది ఈమె ఒక్కతే.

"గాలి రేపటికి మళ్ళొచ్చని మైకులో అన్నారు. అందాకా గోడ తియ్యకు."

"నీకెందుకక్కా ఇంత తిరుగుడు?"

తీతువు కాళ్ళవైపు చూసుకుంది. "నేల మీద పెట్టిన గుడ్లు కదా. భూమి కదిలినప్పుడే పోయాయి. మీవైనా నిలవాలి."

తెల్లారింది. గాలి మళ్ళలేదు. తొర్రలో పండ్లు అయిపోయాయి. ఒక్కటి మిగిలింది. పిల్లల గొంతులు సన్నబడ్డాయి. నూకాలు చెవులు రెండూ బయటే. ఆకు కదిలితే హుష్ అన్నట్టుంది. ఆకే. మైనా ఎగిరితే హుష్ అన్నట్టుంది. మైనానే.

తీతువు మళ్ళీ నడిచి వచ్చింది. "చెల్లీ, నిన్న రేపు అన్నాను. తప్పయింది. గాలి మళ్ళలేదు. ఇంకా ఆగాలి."

పైన కాకి, కొండముచ్చు ఒకటే నవ్వు.

"విన్నారా, మాట మార్చింది!" అంది కాకి.

"ఆకాశం మీద పడుతుందని కాళ్ళు పైకెత్తి పడుకునే పిట్ట ఇది! దీన్ని నమ్మితే అంతే సంగతులు!" అన్నాడు తాత.

"నేను మాట మార్చలేదు. గాలి మారలేదు. అది చెప్పడానికే వచ్చాను" అని తీతువు వెనక్కి తిరిగింది.

నూకాలుకి ఇక తాళలేకపోయింది. కడుపులో ఆకలి, గుండెలో అతను. ఒక్కసారి చూసొస్తే చాలు, ఒక్కసారి! ముక్కుతో గోడని పొడిచింది. పెచ్చు ఊడింది. వెలుతురు వచ్చింది. దాని వెంట గాలీ వచ్చింది. చిన్నపిల్ల మెడ మీది నూగు ఆ గాలికి కదిలింది.

ఆ నూగు వైపు చూసేసరికి ఆమె ముక్కు ఆగిపోయింది.

"స్వామీ, ఈకల్లేని రెక్కలతో ఎక్కడికి పోతున్నాను? నాకోసం రాకుండా ఆగాడే, అతనికోసం నేను ఆగలేనా?" అనుకుంది.

పెచ్చు పడిన చోట పూయడానికి లోపల తడిమట్టి లేదు. ఉన్నది ఆ ఒక్క మేడిపండే. పిల్లలకి రెండు చుక్కల రసం పిండింది. తను నాలిక్కి కూడా తగిలించుకోలేదు. మిగిలిన గుజ్జు నమిలి, రాలిన మట్టిలో కలిపి, బెజ్జం నిండా మెత్తింది. ముక్కు పక్కభాగంతో తట్టి తట్టి నునుపు చేసింది. మళ్ళీ చీకటి. పిల్లల మీద రెక్కలు కప్పి, ఆ మేడిపండు వాసన పీలుస్తూ కూర్చుంది. అది సముద్రపు గట్టు వాసన. అతని వాసన.

ఎంతసేపు కూర్చుందో ఆ భగవంతుడికే ఎరుక.

"తీ తీ తూ! తీ తీ తూ!" ఈసారి తీతువు నడిచి రాలేదు, ఎగిరి వచ్చింది. "చెల్లీ! గాలి సముద్రం మీదికి మళ్ళింది! ఊళ్ళో తలుపులు తెరవడం చూశాను! నీ పెనిమిటి..."

మిగతా మాట నూకాలు వినలేదు. ఎందుకంటే కొండ వెనక నుంచి హుష్, హుష్, హుష్.

గోడ మీద టక్, టక్.

"నూకాలూ, ముక్కు చాపు."

నూకాలుకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఎవరది? మా ఆయన రెక్కలు మాడి పడిపోయాడని చెప్పారు. చూస్తేగానీ నమ్మను" అంది.

"చూడవే తల్లీ, చూడు" అని పైడన్న చీలికలోకి ముక్కు దూర్చాడు. కొండ వెనక చెట్టు పండు. పుల్లగా ఉంది. అంత తియ్యటి పండు నూకాలు జన్మలో తినలేదు.

లోయలోకి పరిగెత్తినవాళ్ళు చిక్కి శల్యమై తిరిగొచ్చారు. కొందరు రాలేదు. ఏదుపంది పిల్లలు ఆ ఉప్పుమట్టికి చాలాకాలం కడుపునొప్పితో మూలిగాయి. కొండముచ్చు తాత ఆరుబయటి నీళ్ళు తాగి మంచం పట్టాడు. నూకాలు ఎవర్నీ ఎత్తిపొడవలేదు. పిల్లలు పెద్దవై గోడ తీసిన రోజున ముందుగా తీతువుని పిలిచి చూపించింది. కాకి కూడా వచ్చింది. కాసేపు అటూ ఇటూ గెంతి, సిగ్గుపడుతూ అడిగింది. "తీతువక్కా, ఇవాళ సముద్రం పక్క సంగతేంటి?"

కానీ పిల్లలూ, పోయినవన్నీ తిరిగి రావు. సముద్రపు గట్టు చుట్టూ మనుషులు కంచె వేశారు. అటు ఎవరూ వెళ్ళకూడదు. పొద్దు వాలేవేళ పైడన్న, నూకాలు చిటారుకొమ్మ మీద కూర్చుని అటే చూసేవారు.

"మావా, మన మేడిచెట్టు ఈ ఏడు కాసిందంటావా?"

"తెలీదు నూకాలూ."

కాసిందిలే అని చెప్పొచ్చు. ఆమె సంతోషించేది. కానీ అతను చూడలేదు కదా. అందుకే చెప్పలేదు.

వానలు పడ్డాయి. ఒకరోజు నూకాలు పాత తొర్ర దగ్గర వాలింది. తొర్ర అంచున అప్పటి గోడ ముక్క ఇంకా అతుక్కుని ఉంది. తను ఆకలితో పూసిన చోట, ఆ మెత్తిన గుజ్జులోంచి, రెండు లేత ఆకులు. మేడిమొక్క!

"మావా! త్వరగా రా!" అని కేకేసింది నూకాలు. "ఇది నేను చూసి చెబుతున్నాను!"

ఇక లేవండర్రా, స్వామి హారతి వేళయింది. ప్రసాదం తీసుకుని వెళ్ళండి. వెళ్ళేముందు నూకాలు చేసిన ఒక్క పని గుర్తుంచుకోండి. రేపు ఎవరైనా పరిగెత్తుకొచ్చి భయం చెబితే, మీరూ ఆమెలాగే అడగండి: "నువ్వు చూశావా?" ఈ ఒక్క ప్రశ్న మీ ఇంట్లో వాళ్ళకి నేర్పండి, పక్కింటి వాళ్ళకి చెప్పండి.

నీతి: ఆపద వేళ అందరూ అన్నదాన్ని కాదు, చూసింది చెప్పి, తెలియనిది తెలీదని, తప్పితే తప్పిందని ఒప్పుకునేవాళ్ళ మాటనే నమ్మాలి.