దొరగారి ఇత్తడి డబ్బా

రేమల్లె దొరగారి పాత కారులో, ఇంజనుకు గాలి వడపోసే ఫిల్టరు పాడైంది. మర్నాడే కొత్త వియ్యంకుణ్ణి ఆ కారులో ఊరంతా తిప్పాలి. దివాను మూడు పట్నాలు తిరిగి, కారు పేరు చెప్పి మూడు ఫిల్టర్లు తెచ్చాడు. ఒక్కటీ సరిపోలేదు.

మెకానిక్కు కాశీం బానెట్టెత్తి చూసి నవ్వుకున్నాడు. ఫిల్టరుండే డబ్బా అసలు కారుతో వచ్చిందే కాదు. దొరగారు మోజుపడి తర్వాత పెట్టించుకున్న ఇత్తడి డబ్బా అది. లండన్ నుంచి తెప్పించానని ఊరంతా చెప్పుకున్నారు కూడా. కాశీం దాన్ని విప్పి, చంకన పెట్టుకుని బజారుకు వెళ్లాడు. బియ్యం మిల్లు ఇంజనుకు వాడే ఫిల్టరు అందులో అతికినట్టు కూర్చుంది. రెండూ తెచ్చి కారుకు బిగించాడు.

సంగతి తెలిసి దొరగారు మండిపడ్డారు. "మిల్లు సరుకు నా కారులోనా? కారు కంపెనీ పేరు లేని వస్తువేదీ అందులో ఉండటానికి వీల్లేదు. తీసిపారెయ్!"

"చిత్తం దొరా," అంటూ కాశీం ఫిల్టరు తీశాడు. ఆపైన ఇత్తడి డబ్బా మరలు కూడా విప్పసాగాడు.

"అదెందుకురా?"

"దీనిమీద కూడా కంపెనీ పేరు లేదు దొరా."

దొరగారు గతుక్కుమన్నారు. మెరిసే డబ్బాను ఓసారి తడిమి చూసుకుని, "సరే, రెండూ ఉండనీ," అన్నారు.

కాశీం రెండూ మళ్లీ బిగించాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. దొరగారి మొహం విప్పారింది. అంతలోనే గొంతు తగ్గించి, "ఫిల్టరు ఎక్కడిదని వియ్యంకుడు అడిగితేనో?" అన్నారు.

"డబ్బా ఎక్కడిదని చెబుతున్నారో, ఇదీ అక్కడిదేననండి దొరా."